స్కూటర్ అంటే ఎందుకంత కోపం? దుబాయ్‌లో స్కూటర్ మీద డ్యూటీకి పోయే మనవాళ్ల కోసం

ఊర్లో స్కూటర్ అంటే సీటు మీద కూర్చుని, వెనక ఇంటావిడను, ముందు పిల్లవాడిని ఎక్కించుకుని పోయే బండి. దుబాయ్‌లో స్కూటర్ అంటే వేరే. రెండు చిన్న చక్రాలు, వాటి మధ్య ఒక పలక, ముందు ఒక కడ్డీ. నిలబడి పోవాలి. రూముకొచ్చాక మడిచి మంచం కింద తోసేయొచ్చు. ఈ నిలబడే బండి గురించే ఈ నెల మాట్లాడుకుందాం. ఎందుకంటే మీలో చాలామంది దాని మీదే డ్యూటీకి పోతున్నారు. దాని మీద ఈ ఊరి జనానికి ఉన్న అభిప్రాయమేమో ఏమంత బాగా లేదు. ఆ అభిప్రాయం మారినప్పుడల్లా రూలు మారుతోంది, రూలు మారినప్పుడల్లా దెబ్బ తగిలేది పొద్దున నాలుగింటికి లేచేవాడికి.

ముందు లెక్క చూద్దాం. మీ రూముకు, మెట్రో స్టేషన్‌కు మూడు కిలోమీటర్లు అనుకోండి. నడిస్తే నలభై నిమిషాలు. స్కూటర్ మీద పది నిమిషాలు కూడా పట్టదు. పోనూ రానూ రోజుకు ఒక గంట మిగులుతుంది. నెలకు 26 డ్యూటీలు ఉంటే 26 గంటలు. ఆ గంటలో నిద్రపోతారో, వండుకుంటారో, ఇంటికి వీడియో కాల్ చేస్తారో మీ ఇష్టం. డబ్బు లెక్క కూడా ఉంది. రెండు జోన్ల నెల పాసు 230 దిర్హాములు. స్కూటర్ ఉంటే కొందరికి ఒక జోన్ పాసు, అంటే 140తో సరిపోతుంది. మరికొందరికి బస్సు, మెట్రో రెండూ అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాడికి కొన్ని నెలల్లోనే పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ ఎండలో నలభై నిమిషాలు నడవడం, పది నిమిషాల్లో చేరడం ఒకటి ఎట్లా అవుతాయి?

ఇంత మేలు చేసే బండి మీద జనానికి కోపం ఎందుకు?

కోపం ఉన్నవాళ్లు అందరూ ఒక రకం కాదు. కారు నడిపేవాళ్లకు భయం. సందులోంచి లైటు లేకుండా, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఎదురు దిశలో వచ్చే స్కూటర్‌ను చూస్తే వాళ్ల గుండె జల్లుమంటుంది. ఫుట్‌పాత్ మీద పిల్లలతో నడిచేవాళ్లకు చికాకు. విల్లా కాలనీల్లో ఉండేవాళ్లది ఇంకో రకం. వాళ్ల పిల్లలే ఎలక్ట్రిక్ బైకుల మీద పోటీలు పెట్టుకుంటే పెద్దవాళ్లు మెయింటెనెన్స్ ఆఫీసుకు ఫిర్యాదులు చేశారు. 2025లో విక్టరీ హైట్స్, జేబీఆర్ లాంటి చోట్ల వీటిని ఆపేశారు. గొడవ మొదలైంది ఆ ఇళ్ల పిల్లల ఆటతో. కానీ గేటు దగ్గర బండి దిగి, ఎండలో లోపలి దాకా నడవాల్సి వచ్చింది ఆ ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొంచెం చేదుగా ఉన్నా. బూలెవార్డ్‌లో టూరిస్టు అద్దె స్కూటర్ ఎక్కి ఫోటో తీసుకుంటే అది ముచ్చట. అదే బండి మీద సైట్ బూట్లతో, టిఫిన్ డబ్బా తగిలించుకుని మనవాడు పోతే అది న్యూసెన్స్. చూసే కళ్లలో ఈ తేడా ఉన్న మాట నిజం. అయితే మనవాళ్లు తప్పు చేయట్లేదని కూడా అనలేం. ఒక్క పలక మీద ఇద్దరు నిలబడి పోవడం మీరూ చూశారు, నేనూ చూశాను. దుబాయ్ పోలీసుల లెక్క ప్రకారం 2024లో స్కూటర్లు, సైకిళ్ల ప్రమాదాలు 254. చనిపోయినవాళ్లు 10 మంది, గాయపడినవాళ్లు 259 మంది. పేపర్లో ఇలాంటి అంకె వచ్చిన ప్రతిసారీ 'మొత్తం బ్యాన్ చేయండి' అనేవాళ్ల గొంతు పెరుగుతుంది.

పారిస్‌లో ఏం జరిగిందో చూడండి. 2023 ఏప్రిల్ 2న అక్కడ అద్దె స్కూటర్లు ఉండాలా వద్దా అని ఓటు పెట్టారు. ఓటేసినవాళ్లలో దాదాపు 90 శాతం వద్దన్నారు. కానీ ఓటు వేయడానికి వచ్చిందే నూటికి ఎనిమిది మంది కూడా లేరు. ఆ ఏడాది ఆగస్టు చివరికి అద్దె బండ్లన్నీ రోడ్ల మీద నుంచి తీసేశారు. ప్రజాభిప్రాయం అంటే చాలాసార్లు తీరిక ఉన్నవాళ్ల అభిప్రాయమే. మనకు ఇక్కడ ఓటు లేదు, పేపరుకు ఉత్తరం రాసే తీరికా లేదు. మన గురించి జనం ఏమనుకోవాలో మనం రోడ్డు మీద నడిచే తీరును బట్టే తేలుతుంది.

మెట్రోలో ఏం జరిగింది

2024 మార్చి మొదటి వారం గుర్తుందా? మెట్రోలో, ట్రామ్‌లో స్కూటర్లు వద్దని ఆర్టీఏ ప్రకటించింది. అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది. అంతకు ఒకట్రెండు రోజుల ముందే ఒక స్టేషన్‌లో స్కూటర్ నుంచి పొగ వచ్చి రైళ్లకు అంతరాయం కలిగింది. కిక్కిరిసిన రైల్లో బ్యాటరీ అంటుకుంటే ఏమవుతుందో ఊహించుకుంటే వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ ఇటు స్కూటర్, మధ్యలో మెట్రో, అటు మళ్లీ స్కూటర్ అని రోజు మొత్తం కట్టుకున్నవాడికి ఒక్క ప్రకటనతో దారి మధ్యలో తెగిపోయింది.

ఆ ఏడాది చివర్లో మళ్లీ అనుమతి ఇచ్చారు, కొన్ని షరతుల మీద. బండి మడిచేదై ఉండాలి, సీటు ఉండకూడదు. మడిచాక 120 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, 40 ఎత్తు దాటకూడదు. బరువు 20 కిలోలకు మించకూడదు. స్టేషన్‌లోకి అడుగు పెట్టినప్పటి నుంచి బండి ఆఫ్‌లో, మడిచి ఉండాలి. తడిగా, మురికిగా ఉంటే రానివ్వరు. లోపల ఛార్జింగ్ పెట్టకూడదు. బండి కొనబోయేవాళ్లు ఈ కొలతలు ఒక కాగితం మీద రాసుకుని షాపుకు పోండి. సీటున్న పెద్ద బండి సుఖంగానే ఉంటుంది, కానీ మెట్రో గేటు దగ్గర ఆగిపోతుంది. సీటు ఊడదీసి తెస్తానంటే గేటు దగ్గర వాదన పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ వాదనలో మీరు గెలవరు.

ఎక్కడ నడపొచ్చు, ఎక్కడ వద్దు

దుబాయ్‌లో ఈ బండ్లకు ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. 2022 నాటి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ తీర్మానం నంబర్ 13. దాని ప్రకారం 16 ఏళ్లు నిండాలి, ఆర్టీఏ పర్మిట్ ఉండాలి. పర్మిట్‌కు డబ్బులు కట్టక్కర్లేదు. ఆర్టీఏ వెబ్‌సైట్‌లో పాఠం చూసి, పరీక్ష రాసి తీసుకోవచ్చు. ఇంగ్లీషు రాకపోతే చదువుకున్న రూమ్మేట్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఉచితంగా వచ్చేదాన్ని తెచ్చిపెడతానని వంద, రెండొందలు అడిగే ఏజెంట్లకు దూరంగా ఉండండి. యూఏఈ డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు వేరే పర్మిట్ అవసరం లేదు.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఇండియాలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న ఎలక్ట్రిక్ బండికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. 'ఊర్లో మా తమ్ముడు లైసెన్సు లేకుండానే నడుపుతున్నాడు, దీనికి కూడా అక్కర్లేదు' అనుకుంటారు. ఆ రూలు అక్కడిది. ఇక్కడ పర్మిట్ లేకపోతే 200 దిర్హాముల ఫైన్. హెల్మెట్, మెరిసే జాకెట్ లేకపోతే 200. గంటకు 60 కిలోమీటర్ల కన్నా ఎక్కువ వేగం ఉన్న రోడ్డు మీదికి పోతే 300. ఇద్దరెక్కినా, నడిచేవాళ్ల దారిలోకి పోయినా ఫైనే. బండిని కూడా పట్టుకుపోతారు. స్కూటర్‌కు ఇచ్చిన ట్రాక్ మీద వేగం 20 దాటకూడదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హారన్, రెండు చక్రాలకూ బ్రేకులు ఉండాలి.

నడపొచ్చన్న ఏరియాలు 2022లో పది. అల్ రిగ్గా, కరామా, మన్‌ఖూల్, ఖుసైస్, జేఎల్‌టీ, సిటీ వాక్ లాంటివి. 2023లో ఇంకో పదకొండు కలిపారు. అందులో తవార్ 1, 2, గర్హూద్, ముహైస్నా 3, అల్ ఖూజ్ 4, అల్ బర్షా 3 ఉన్నాయి. ఈ పేర్లు చూడగానే 'మన ఏరియా ఉంది' అని సంబరపడొద్దు, జాగ్రత్తగా చదవండి. సోనాపూర్ క్యాంపులు ఉన్నది ముహైస్నా 2లో. లిస్టులో ఉన్నది ముహైస్నా 3. అల్ ఖూజ్ 4 వేరు, అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియా 4 వేరు. అంటే వేలమంది మనవాళ్లు పడుకునే చోటు నుంచి, స్కూటర్ నడపొచ్చన్న చోటు పక్కనే ఉంది గానీ, మధ్యలో పెద్ద రోడ్లున్నాయి. ట్రాకులు వేసేటప్పుడు ఇళ్లున్న కాలనీలను చూశారు, క్యాంపులను చూడలేదు. ఈ బండి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల గేటు దాకా ట్రాక్ రావాలని అడగడంలో తప్పేమీ లేదు. అడగాలి కూడా. ట్రాక్ వచ్చేదాకా ఆ పెద్ద రోడ్డు దగ్గర బండి దిగి, మడిచి, సిగ్నల్ దగ్గర నడిచి దాటండి. షార్జా, అబుదాబి, అజ్మాన్‌లలో రూల్స్ వేరు. దుబాయ్ పర్మిట్ చూపించి అక్కడ నడపకండి.

జాకెట్ గురించి ఒక మాట. సైట్‌లో ఇచ్చే మెరిసే జాకెట్ రోడ్డు మీద కూడా పనికొస్తుంది, అది వేసుకోండి. సైట్ హెల్మెట్ మాత్రం పనికిరాదు. అది పైనుంచి ఏదైనా పడితే ఆపడానికి చేసింది. పక్కకు పడిపోయినప్పుడు తల నుంచి ముందే ఊడి దొర్లుకుంటూ పోతుంది. సైకిల్ హెల్మెట్ ఒకటి కొనుక్కుని గడ్డం కింద పట్టీ బిగించుకోండి.

దారిలో దెబ్బ తగిలితే

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటాం అంటే ఇది పెట్టుకోండి. యూఏఈ లేబర్ చట్టం, 2021 నాటి 33వ నంబరు డిక్రీ లా, పని గాయం అంటే ఏంటో చెప్పింది. సైట్‌లో తగిలిన దెబ్బే పని గాయం అనుకుంటారు చాలామంది. డ్యూటీకి పోయేటప్పుడు, డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదం కూడా పని గాయమే అవుతుంది. షరతు ఏంటంటే, దారి మధ్యలో ఆగకుండా, పక్కదారి పట్టకుండా, మామూలుగా పోయే దారిలోనే పోతూ ఉండాలి. కంపెనీ బస్సులోనే ఉండాలని చట్టం అనలేదు.

పని గాయం అని తేలితే ఏమొస్తుంది? నయమయ్యేదాకా వైద్యం ఖర్చు కంపెనీది. పనికి పోలేకపోతే ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు సగం జీతం. చనిపోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలకు మించకూడదు. మీ బేసిక్ 800 అయితే 19,200 వస్తుంది. బేసిక్ 600 అయితే లెక్క ప్రకారం 14,400 అవుతుంది, కానీ చట్టం పెట్టిన కనీసం 18,000 ఇవ్వాల్సిందే. బేసిక్ తక్కువ రాసి అలవెన్సులు ఎక్కువ రాసే కాంట్రాక్టులతో నష్టం ఎక్కడ బయటపడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మరి ఇదంతా ఎందుకు రాకుండా పోతుంది? కొన్ని సందర్భాల్లో. తాగి ఉన్నా, కావాలని దెబ్బ తగిలించుకున్నా రాదు. పనిచోట కనబడేలా పెట్టిన భద్రతా సూచనలను కావాలని మీరినట్టు రుజువైతే కూడా రాదు. పర్మిట్ లేదన్న ఒక్క కారణంతో మీ హక్కు దానంతటదే పోదు. కానీ పర్మిట్ లేకుండా, హెల్మెట్ లేకుండా, వద్దన్న రోడ్డు మీద దెబ్బ తగిలితే అవతలివాళ్ల లాయరుకు మాట్లాడడానికి నోరిచ్చినట్టే. 200 దిర్హాముల ఫైన్ కన్నా ఇది చాలా పెద్ద నష్టం.

ఇంకో సంగతి ఎక్కువగా జరుగుతుంది. కారు తగిలి పడిపోతారు. కారాయన దిగి, భుజం పట్టుకుని లేపి, 'పోలీసు ఎందుకు భాయ్, ఐదొందలు తీసుకో' అంటాడు. మీకేమో పర్మిట్ లేదన్న భయం. డబ్బు తీసుకుని కుంటుకుంటూ రూముకు వస్తారు. మూడో రోజు మోకాలు వాచిపోతుంది, ఎక్స్‌రేలో ఎముక విరిగిందని వస్తుంది. అప్పుడు కంపెనీ 'రూములో జారిపడ్డాడేమో' అంటే మీ దగ్గర ఏం సాక్ష్యం ఉంది? పోలీసు రిపోర్టు లేకపోతే ఇన్సూరెన్సు కూడా కదలదు. అందుకే దెబ్బ చిన్నదైనా 999కి ఫోన్ చేయండి. అంబులెన్సుకు 998. చోటు, టైము, కారు నంబరు ఫోన్లో ఫోటో తీసుకోండి. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో పోలీసులకు, డాక్టరుకు, సూపర్‌వైజర్‌కు ముగ్గురికీ ఒకే మాట చెప్పండి: డ్యూటీకి పోతున్నాను. సూపర్‌వైజర్‌కు నోటితో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టండి.

తప్పు మీదే అయితే? మీ బండి తగిలి నడిచేవాళ్లకు దెబ్బ తగిలినా అక్కడి నుంచి పారిపోకండి, కేసు ఇంకా ముదురుతుంది. మీ తప్పు వల్ల ఎవరైనా చనిపోతే కోర్టు వేసే దియా 2 లక్షల దిర్హాములు. స్కూటర్‌కు కారుకు ఉన్నట్టు ఇన్సూరెన్సు లేదు కాబట్టి ఆ భారం మోసేది మీరే. ఫుట్‌పాత్ మీద పెద్దావిడను చూసి బ్రేకు వేయాల్సిన కారణం ఇంతకన్నా ఏం కావాలి?

మంచం కింద బ్యాటరీ

ఇది మన రూముల సంగతి. ఆరుగురు, ఎనిమిది మంది ఉండే రూములో మంచం కింద బండి, గోడకు ఛార్జర్, రాత్రంతా కరెంటు. 2022 ఏప్రిల్‌లో మన దగ్గరే జరిగిన రెండు సంఘటనలు గుర్తు చేసుకోండి. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ రాత్రి పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. కొద్ది రోజులకే విజయవాడలో బెడ్‌రూములో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఇంకొకరు పోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే నిమిషాల్లో రూమంతా విషపు పొగతో నిండిపోతుంది, నిద్రలో ఉన్నవాడు లేచే లోపే. కాబట్టి మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి. బండితో వచ్చిన ఛార్జరే వాడండి. ఎండలో నడిపి తెచ్చిన బండిని చల్లారకముందే ప్లగ్‌లో పెట్టకండి. తలుపు దగ్గర అసలు పెట్టకండి, మంట లేస్తే బయటికి పోయే దారి అదొక్కటే. పొగ వస్తే ఆర్పడానికి వంగొద్దు, అందర్నీ లేపి బయటపడి 997కి కొట్టండి. క్యాంపు బాస్‌ను అందరూ కలిసి ఒకటి అడగండి: బయట నీడలో, వాచ్‌మన్ కంట పడే చోట ఛార్జింగ్ పాయింట్లు పెట్టించమని. ఊరికే 'రూముల్లో స్కూటర్లు నిషేధం' అని కాగితం అంటించడం కన్నా అది పనికొచ్చే మాట.

ఇళ్లల్లో పనిచేసే అక్కలకు, చెల్లెళ్లకు

మీకు కూడా ఈ బండి తెలుసు. పిల్లల్ని స్కూలు బస్సు దగ్గర దింపమని, గ్రోసరీకి పోయి రమ్మని, ఇంట్లో పిల్లవాడి స్కూటర్ మీ చేతికిచ్చి పంపేవాళ్లున్నారు. పర్మిట్ లేకుండా మేడమ్ పంపినా ఫైన్ పడేది నడిపినవాళ్లకే. 'పర్మిట్ తీసుకున్నాక నడుపుతాను మేడమ్, దానికి డబ్బులు కూడా అక్కర్లేదు' అని చెప్పండి. అది ఎదురు చెప్పడం కిందికి రాదు. చిన్నపిల్లల్ని ఆ పలక మీద ముందు నిలబెట్టుకుని నడపమంటే మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఇంటిపనివాళ్లకు వేరే చట్టం ఉంది, 2022 నాటి 9వ నంబరు డిక్రీ లా. పనిలో దెబ్బ తగిలితే వైద్యం, పరిహారం యజమాని బాధ్యతే అని అది చెబుతుంది. యజమాని చెప్పిన పని మీద పోతుండగా దెబ్బ తగిలిందని ఆసుపత్రి కాగితంలో రాయించుకోండి. వారానికి ఒకరోజు సెలవు కూడా ఆ చట్టంలో ఉన్నదే. సెలవు రోజు బయటికి పోవడానికి స్కూటర్ కొనుక్కుంటే అది మీ సొంత వస్తువు, దాని బిల్లు మీ పేరు మీద పెట్టుకోండి.

చివరగా కంపెనీల సంగతి. స్కూటర్లు పెరిగిన కొద్దీ కొన్ని కంపెనీలకు ఒక సులువు దొరికింది. బస్సు ట్రిప్పులు తగ్గించి, 'మీకు స్కూటర్లున్నాయి కదా' అంటాయి. మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీది అని గానీ, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఇంత అని గానీ రాసి ఉంటే, మీ దగ్గర స్కూటర్ ఉన్నా, గుర్రం ఉన్నా అది ఇవ్వాల్సిందే. బస్సు ఆపితే ఆ తేదీ రాసుకోండి, ఎవరు చెప్పారో రాసుకోండి. కార్మిక మంత్రిత్వ శాఖ కాల్ సెంటర్ 600590000, లేబర్ సలహాల కోసం 80084. భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342, ఇది ఉచిత నంబరు, రాత్రి పగలు పనిచేస్తుంది. ఫోన్ చేసేటప్పుడు ఎమిరేట్స్ ఐడీ, కాంట్రాక్టు కాపీ చేతిలో పెట్టుకోండి, ముందు అడిగేవి ఆ రెండే.